కడగని నీళ్లు

సూర్యారావు మళ్లీ గుంట కడుగుతున్నాడు. ఆదివారం పూట తలకి తువ్వాలు చుట్టుకుని, నిక్కరు తొడల దాకా మడిచి, ఆడపెళ్లివారింట్లో పెద్దమనిషిలా హడావిడి పడిపోతున్నాడు. గుంట అడుగున తనే బిగించిన ఇత్తడి బిరడాని పెద్ద పానాతో విప్పేశాడు. నీళ్లు బుడబుడమంటూ ఇనప గొట్టంలోంచి పెరటి వెనక కాలవలోకి పోయాయి. ఇక గీకుడు మొదలు. ఇటుకల మీద పచ్చగా పట్టిన పాచిని కొబ్బరి పీచుతో రుద్దాడు, ఇసకతో తోమాడు, మళ్లీ నీళ్లు కొట్టాడు. కలువ దుంపల్ని కూడా పైకి లాగి, చంటిపిల్లల కాళ్లు కడిగినట్టు వేళ్ల సందుల్లో మట్టి తీసేశాడు.

వెనక గుమ్మంలో అన్నమ్మ బియ్యం ఏరుతూ కూర్చుంది. పక్కనున్న బాల్చీలో పరిగె చేపలు నాలుగు పొట్టలు పైకి తిప్పి తేలుతున్నాయి.

"సేపలు సచ్చిపోనాయి," అంది. ఉప్పు అయిపోయిందన్నట్టే అంది.

"పోనీలే, మళ్లీ తెద్దాం. నీలు సూడు ముందు. అడుగున సూది పడ్డా కనిపిస్తాది." సూర్యారావు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

అన్నమ్మ చూసింది. అడుగు నిజంగానే కనిపిస్తోంది. ఆమెకి ఏమీ అనిపించలేదు. తల దించుకుని మళ్లీ బియ్యంలో రాళ్లు వెతుక్కుంది.

పాపం, సూర్యారావుని అనడానికి లేదు. మనిషి తిండి తినేదే ఆ విద్య వల్ల. రాయపూర్ లోకోషెడ్‌లో అతను వాషౌట్ మిస్త్రీ. ఇంజను కొన్నాళ్లు తిరిగి షెడ్డుకి వచ్చేసరికి బాయిలరు కడుపులో బురద, సున్నం, పొక్కులు కట్టి ఉంటాయి. నిప్పు దించి, ఆవిరి వదిలేసి, చల్లారాక బిరడాలు విప్పి, లోపలికి పైపుతో నీళ్లు కొట్టి, ఇనప చువ్వలతో గీకి గీకి ఆ చెత్తంతా బయటికి లాగాలి. అది సరిగ్గా జరక్కపోతే నడిదారిలో ఇంజను పేలినా పేలుతుంది. చీపురుపల్లి పక్క పల్లె నుంచి ఖలాసీగా వచ్చి మిస్త్రీ అయిన సూర్యారావు ఇన్నేళ్లలో నేర్చుకున్న వేదాంతం ఒక్కటే: నీళ్లడుగున ఏది పేరుకున్నా అది చెడుగే. బాయిలరుకి అది అక్షరాలా నిజం. తన పెరట్లో ఉన్నది బాయిలరు కాదని అతనికి చెప్పేవాళ్లు లేరు, చెప్పగలిగిన ఒక్క మనిషికీ చెప్పాలనిపించడం లేదు.

ఆ గుంట తవ్వింది సూరిబాబు. అన్నమ్మ తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడికి నడకైనా సరిగ్గా రాలేదు. చంకనేసుకుని పెంచింది, పెళ్లయి రాయపూర్ వస్తూ వాణ్ణీ రైలెక్కించుకుని తెచ్చుకుంది. మీసాలు వచ్చాక బావ షెడ్డులోనే ఇంజన్లు తుడిచే పనిలో పెట్టించాడు. ఒళ్లంతా నల్లనూనె పూసుకుని ఇంటికొచ్చేవాడు, వచ్చినవాడు తిన్నగా ఉండేవాడు కాదు. గుఢియారీ బజారులో సింగాడాకాయలు తిన్నాడొకసారి. నీళ్లలో తీగకి కాసే ఆ ముళ్లకాయ వాడికి తెగ నచ్చేసింది. "అప్పా, మన పెరట్లో మనమే పండిద్దాం. కలువలు కూడా ఏద్దాం. నువ్వు గట్టు మీద కూసుని కాళ్లు నీలలో పెట్టుకో," అన్నాడు. అన్నదే తడవు వైశాఖం ఎండలో గునపం పట్టాడు. డ్యూటీ దిగి రావడం, తవ్వడం. రెండు మంచాలు పక్కపక్కన పడేంత వెడల్పు, నడుం లోతు. అంచున మొక్కలు పెట్టడానికని చుట్టూ మెట్టు కూడా చెక్కాడు. ఇక మట్టి మెత్తి, ఇటుక పేర్చడమే మిగిలింది అనేసరికి వానలు పట్టుకున్నాయి. గుంట నిండింది. వానలు వెలిశాక కూడా ఆ నీళ్లు అలాగే నిలబడ్డాయి.

వానాకాలం చివర వాడికి చలిజ్వరం వచ్చింది. మాత్రలు మింగించారు, ఆస్పత్రికి తీసుకెళ్లారు. జ్వరం తలకెక్కింది. వాడు పోయాడు.

రైల్వే క్వార్టర్ల లైను లైనంతా ఆ గుంటనే అంది. పక్క క్వార్టరు పైడమ్మ, పాయింట్స్‌మన్ పెళ్లాం, మంచి మనిషే, ఏడుస్తూనే అంది: "ఆ గుంటలో దోమలే తినీసినాయి పిల్లోణ్ణి." శానిటరీ జమేదారు రామయ్య వచ్చి గుంటలోకి తొంగి చూశాడు. నీళ్లలో దోమపురుగులు వంకర్లు తిరుగుతున్నాయి. నూనె పోయించి, గుంటని పూడ్చేయమన్నాడు. సూర్యారావు మర్నాడే షెడ్డునుంచి ఇంజను బూడిద తట్టలు మోయించాడు.

చావు జరిగిన దగ్గర్నుంచీ అన్నమ్మ ఏడవలేదు. చూడవచ్చినవాళ్లు ఆమెని పట్టుకుని ఏడ్చి, ఆమె ఏడవనందుకు కాస్త నొచ్చుకుని వెళ్లారు. వంట చేసేది, అంట్లు తోమేది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేది. అట్లకాడ తగిలి చేతిమీద బొబ్బ లేస్తే, అది సాయంత్రం స్నానం చేస్తున్నప్పుడు గానీ ఆమెకి తెలియలేదు. తమ్ముడు గుర్తుకు రావడం లేదని కాదు, వస్తున్నాడు. రోడ్డు మీద పోయే మనిషి వచ్చినట్టు వచ్చి పోతున్నాడు, అంతే.

మొదటి తట్ట బూడిద గుంటలో పడబోతుంటే మాత్రం ఆమె లేచి వెళ్లి అడ్డంగా నిలబడింది.

"ఆడు తవ్విందది. పూడ్చనివ్వను."

"మరేటి సెయ్యమంతావ్?"

"ఆడేటి సేద్దారనుకున్నాడో అదే."

అన్నమ్మ ఆ మాట అనడానికి కోపం కారణం కాదు, దుఃఖం కూడా కాదు. పూడిస్తే వాడు చేసిన పని ఒక్కటీ భూమ్మీద మిగలదు, అది సబబు కాదని తోచింది. సూర్యారావు రామయ్యని బతిమాలుకున్నాడు. రామయ్య తెలుగువాడే, ఆ పిల్లణ్ణి ఎరిగినవాడే. బుర్ర గోక్కుని చివరికి ఒక కట్టుబాటు పెట్టాడు. "సేపలేసి సాఫ్‌గా ఉంచుకోండి. వచ్చే వానలయ్యాక ఇనస్పెక్టరు బాబు ఇల్లిల్లూ చెకింగుకి వస్తారు. అప్పుడు గానీ నీలలో దోమపురుగు దొరికిందో, ఇక నాచేతిలో ఏమీ లేదు మిస్త్రీ. ఆ పూటే నూనె, ఆ పూటే బూడిద."

రామయ్య అన్న 'సాఫ్‌గా' అనే మాటని సూర్యారావు వేరే ఎవరైనా తీసుకునేలా తీసుకోలేదు.

చలికాలం అంతా పని నడిచింది. టాటీబంధ్ వైపు పొలాల్లోంచి నల్లమట్టి బండికెత్తించి తెచ్చాడు. కన్హార్ అంటారిక్కడ, తడిస్తే జిగురు, ఎండితే రాయి. దాన్ని గుంట అడుగున పరిచి, నీళ్లు చల్లి, మొగుడూ పెళ్లాం ఇద్దరూ తొక్కారు. పండగ పిండి మర్దించినంతసేపు తొక్కారు. అన్నమ్మ కాళ్లకింద మట్టి చల్లగా ఉందని తెలుస్తూనే ఉంది, తెలియడం వరకే. పక్కలకి షెడ్డులో పారేసిన కొలిమి ఇటుకలు ఫోర్‌మన్ని అడిగి తెచ్చి పేర్చాడు. ఇటుకల మీద మెట్టు, మెట్టు మీద మట్టి, అంతా ఎక్కడికక్కడ ఒద్దికగా వచ్చింది. పనిమంతుడే, కాదనలేం.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ మిస్త్రీ బుర్ర కదా, అడుగున ఒక బిరడా లేకపోతే ఊరుకోలేకపోయాడు. పాత బాయిలరు గొట్టం ముక్క ఒకటి గుంట అడుగునుంచి వెనక కాలవ దాకా భూమిలో పాతి, దాని మూతికి పారేసిన వాషౌట్ బిరడా బిగించాడు. చెరువులకి తూములుంటాయి, పొలాలు తడపడానికి. కడగడానికి తూము పెట్టిన చెరువు మాత్రం ఈ భూప్రపంచంలో అదొక్కటే అయ్యుంటుంది. "సూడు, గడియలో ఖాలీ," అని తిప్పి చూపించాడు. అన్నమ్మ చూసి తలూపింది.

మొక్కలు సుకవారో తెచ్చింది. సుకవారో ఈ ఊరిదే. మొగుడూ కొడుకులూ ఒక చెరువు కౌలుకి తీసుకుని చేపలు పడతారు, సింగాడా పండిస్తారు, ఆమె గుఢియారీ బజారులో అమ్ముతుంది. సూరిబాబు ఆమె దగ్గరే కొనేవాడు. అన్నమ్మ బజారుకి వెళ్తే, "ఆ పిలగాడు కనిపించడేం?" అని హిందీలో అడిగింది. అన్నమ్మ చెప్పింది, గుంట సంగతి కూడా. సుకవారో ఆ పూట బేరం కట్టిపెట్టేసింది. ఆ తర్వాత వారం తడి గోనెలో చుట్టి కలువ దుంపలు, సింగాడా తీగలు, నీళ్లలోనే పెరిగే పాచిమొక్క గుత్తులు గుమ్మంలోకే తెచ్చి పడేసింది. అందులో నత్తలు కూడా ఉన్నాయి. అంచున పెట్టమని వస దుంపలిచ్చింది. పొన్నగంటి, తూటికూర అన్నమ్మే కాలవగట్టునుంచి పీక్కొచ్చి నాటింది. ఎలాగూ కూరకి పనికొస్తాయి.

సుకవారో అటు వెళ్లిందో లేదో సూర్యారావు మొక్కలన్నిటినీ కుళాయి కింద పెట్టి కడిగాడు. నత్తల్ని ఒక్కొక్కటే ఏరి, "ఛీ, ఇయ్యేటి గలీజు," అని గోడ అవతల పడేశాడు.

అక్కణ్ణుంచి మొదలైంది. నీళ్లు పెట్టడం, ఎండకి ఆ నీళ్లు పచ్చబడడం, సూర్యారావు బిరడా విప్పడం. కొత్త నీళ్లు పెట్టాక వాటిలో చిన్నచిన్న వంకర పురుగులు కనబడేవి. "సూసినావా, మళ్లీ వచ్చీసినాయి," అని మళ్లీ విప్పేవాడు. కలువ ఒక ఆకు పైకి తెచ్చేసరికి దాన్ని వేళ్లతో సహా పైకి లాగి స్నానం చేయించేవాడు. సింగాడా తీగ విసుగెత్తి కుళ్లిపోయింది. చేపలు వేసినవి వేసినట్టే పోయేవి. పైడమ్మ గోడమీంచి చూసి, "మీ ఇంట్లో ఎవులైనా కాసేపు కదలకుండా కూసుంటే ఆలకీ వాషౌటు సేసీలాగున్నాడు మిస్త్రీ," అని నవ్వింది. అన్నమ్మ కూడా పెదాలు కదిపింది, నవ్వాల్సిన చోట నవ్వాలని తెలుసు కనక.

చచ్చిన చేపలకి బదులు చేపలు తీసుకోడానికి వెళ్లినప్పుడు సుకవారో ఆమెని నిలదీసింది. ఏం చేస్తున్నారు వీటిని, వండుకుంటున్నారా? అన్నమ్మ వచ్చీరాని హిందీలో విషయం చెప్పింది. సుకవారో నెత్తి కొట్టుకుంది.

"పానీ ల ఝన్ నికాల్, నోనీ," అంది. నీళ్లు తీయకు పిల్లా, అని. ఆపైన తన భాషలో చాలా చెప్పింది. కొత్త నీళ్లు కనబడగానే ముందు వచ్చేది దోమే. దానికి రెక్కలున్నాయి. దాన్ని తినేవి తాపీగా వస్తాయి. అవి వచ్చేలోగా మీరు నీళ్లు పారబోస్తే, మళ్లీ దోమకే మొదటి వంతు. పచ్చబడనీ, కంపు కొట్టనీ, మొక్క వేళ్లూననీ, దానంతటది తేరుకుంటుంది. మనం చేయాల్సింది చేతులు కట్టుకుని కూర్చోవడమే.

అన్నమ్మకి అర్థమైంది. ఇంటికి వచ్చి మొగుడికి చెప్పలేదు. చెప్పొచ్చు, ఒక్క మాట. కానీ కడగొద్దు అనాలంటే, కడక్కుండా ఉండాలని తనకి కోరిక ఉండాలి. ఆ కోరిక ఎక్కడుందో వెతుక్కుంది, దొరకలేదు. గుంట పూడ్చొద్దన్న రోజున ఉన్న పట్టుదల కూడా ఎటో పోయింది. పోతే పోయింది అనుకుంది. చేపలు బాల్చీలో వేసి, వంటకి కూర్చుంది.

జ్యేష్ఠం చివర వానలు దిగాయి. గుంట వాననీళ్లతోనే నిండింది. రాత్రంతా కప్పలు గోల. మర్నాడు మధ్యాహ్నం అన్నమ్మ చీపురు కోసం పెరట్లోకి వెళ్లి, ఊరికే గుంట వైపు చూసింది. వస మొక్క మొదట్లో, నీళ్లలో ఏదో జిగురుగా కదులుతోంది. వంగి చూసింది. నానబెట్టిన సబ్జా గింజల్లా, ఒక్కో బొట్టులో ఒక్కో నల్ల చుక్క. కప్పగుడ్లు. వాటిని ఎవరూ తెచ్చి వేయలేదు. సుకవారో గోనెలోంచి రాలేదు, సూర్యారావు కుళాయి కింద కడగలేదు. రాత్రి వానలో ఏ కప్పో ఇంత దూరం వెతుక్కుంటూ వచ్చి, ఇది నీళ్లే, ఇక్కడ పిల్లల్ని పెట్టొచ్చు అనుకుంది. సూరిబాబు తవ్విన గుంటని చెరువని నమ్మిన మొదటి ప్రాణి అది.

వెనక అడుగుల చప్పుడైంది. సూర్యారావు డ్యూటీ దిగి వచ్చాడు, చేతిలో పానా.

"వాననీలు, బురదగా ఉన్నాయి. ఓసారి కడిగీసి—"

అన్నమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని గుంటలోకి దిగింది. నీళ్లు తొడల దాకా వచ్చాయి. కాలితో బిరడాని వెతికి, దానిమీద నిలబడింది.

"కడగొద్దు మావా."

"పైకి రా. నాటకాలాడకు."

"ఇందులో గుడ్లున్నాయి."

"కప్పగుడ్లకోసమేటే! పురుగులున్నాయందులో, నా కళ్లతో సూసినాను. వానలైతే ఆ ఇనస్పెక్టరొస్తాడు. నూనె పోస్తారు."

"పోస్తే పోస్తారు. నువ్వు కడిగితేనే అయి వస్తన్నాయి. సుకవారో సెప్పింది. కొత్త నీలకి ముందు దోమే వస్తాదంట."

"సుకవారో సెప్పింది! సుకవారో ఇంట్లో మనిసి పోలేదు!" సూర్యారావు పానా నేలమీద పడేశాడు. "నాకు భయమే అన్నమ్మా. ఆ పురుగు కనబడితే నాకు ఒళ్లు వణికిపోతాది. ఆణ్ణి మింగీసింది. నిన్ను కూడా ఏటైనా సేస్తే నేనేటైపోవాలి? ఏ రోజైనా నిద్దరోనానా నేను? గంటకోసారి లెగిసి నీ నుదురు సూసుకుంటన్నాను, ఎచ్చగా ఉందేమోనని."

అన్నమ్మకి ఆ చెయ్యి తెలుసు. నిద్రలో నుదుటిమీద వచ్చి వాలే గరుకు చెయ్యి. కల అనుకునేది. మొగుడు చెయ్యి అని ఒకటి రెండుసార్లు తెలిసినా, ఎందుకో ఏమిటో ఆలోచించలేదు. ఇన్ని నెలలుగా ఈ మనిషి గుంటలో బురద కాదు, తన భయాన్ని గీకి గీకి బయటికి పారబోసుకుంటున్నాడు. తన ఇంట్లో, తన పక్కన, ఒక మనిషి ఇంత భయంతో బతుకుతుంటే ఆమె బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూర్చుంది. ఆమెకి జాలి వేసింది. సూరిబాబు పోయాక ఆమెకి ఏదైనా అనిపించడం అదే మొదలు, అది కూడా తనకోసం కాదు.

"నాకేం కాదు," అంది. "ఒక్క వానాకాలం వదిలీ. పురుగు దొరికితే బూడిద నేనే మోస్తాను."

సూర్యారావు నల్లమట్టి ముద్ద ఒకటి కలిపి తెచ్చి, తనే నీళ్లలోకి దిగి, బిరడా మీద మెత్తి, పిడికిలితో గట్టిగా అణిచాడు. మిస్త్రీ పనితనం అక్కడ కూడా కనబడింది. ఆ బిరడాని ఇక దేవుడొచ్చినా విప్పలేడు.

ఆ తర్వాతి రోజులు సూర్యారావుకి నరకం. ఆదివారం వస్తే చేతులు ఊరుకునేవి కావు. అన్నమ్మ ఇంట్లో ఇత్తడి సామానంతా అతని ముందు పోసేది. చెంబులు, గుండిగలు, దీపపు సెమ్మెలు తోమీ తోమీ, పైడమ్మ ఇంట్లోవి కూడా అడిగి తెచ్చుకుని తోమేవాడు. గుంటవైపు చూడకుండా పీట అటు తిప్పి వేసుకునేవాడు. చూస్తే మటుకు ఏముంది? నీళ్లు పెసరపిండి కలిపినట్టు పచ్చగా తయారయ్యాయి. కంపు మొదలైంది. దోమపురుగులు ముందెన్నడూ లేనన్ని పట్టాయి. పైడమ్మ ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని, "ఏటప్పా ఇది, మళ్లీ మొదలెట్టినావు," అంది. ఈసారి నవ్వలేదు. అన్నమ్మ ఇద్దరూ పడుకునే చోట దోమతెర కట్టింది. సుకవారో దగ్గరికి వెళ్లి మళ్లీ పరిగెలు తెచ్చి వదిలింది. అవి చావలేదు. నీళ్లలో పచ్చదనంలో మాయమైపోయాయి.

ఆమె రోజూ పొద్దున గట్టుమీద కూర్చునేది. ఆశ ఉండి కాదు, మాట ఇచ్చింది కనక. శ్రావణం దాటుతుండగా ఒక రోజున అడుగున ఇటుక అంచు కనబడింది. సూర్యారావు కడిగాడేమో అనుకుంది. అతను డ్యూటీలో ఉన్నాడు. పాచిమొక్క ఎప్పుడు అల్లుకుందో, అడుగంతా పొదలా లేచి ఉంది, నీళ్లలో పచ్చదనాన్ని అదే తినేసినట్టుంది. కలువ ఆకులు సగం నీళ్లని కప్పేశాయి. సూర్యారావు గోడ అవతల పారేసిన నత్తలో, కొత్తగా వచ్చినవో, ఆకుల కింద పాకుతున్నాయి. తూనీగ ఒకటి వస మొక్క కొస మీద వాలుతోంది, లేస్తోంది. తోకకప్పలకి కాళ్లు వచ్చాయి. పరిగెలు ఆకుల నీడలోంచి గుంపుగా బయటికి వచ్చి, ఏదో అంది పుచ్చుకుని, మళ్లీ లోపలికి పోతున్నాయి.

బాగుంది అనుకుంది అన్నమ్మ. పక్కింటివాళ్ల ముగ్గు బాగుంది అనుకున్నట్టే. లేచి పొయ్యి వెలిగించుకుంది.

భాద్రపదం చివర ఇనస్పెక్టరు వచ్చాడు. మల్లేశ్వరరావు గారు. కొత్తగా బదిలీ అయి వచ్చిన కుర్రాయన, తెల్ల ప్యాంటు, మర్యాద గల మాట. వెనక రామయ్య. రామయ్య వెనక నూనె డబ్బా మోస్తున్న మనిషి, వాడి వెనక బూడిద తట్ట. సూర్యారావు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు, పొద్దున్నుంచీ మంచినీళ్లు కూడా తాగలేదు.

ఇనస్పెక్టరు రామయ్య చేతిలోని పొడుగు కాడ తెల్ల గరిటె తీసుకుని, గట్టు మీద గొంతుకూర్చుని, మూల నీళ్లు ముంచాడు. వెలుతురుకి పెట్టి చూశాడు. ఏమీ లేదు. కలువ ఆకుల సందున ముంచాడు. ఏమీ లేదు. వస మొక్కల మొదట్లో ముంచాడు. తెల్లటి గరిటెలో ఒక్క పురుగు వంకర్లు తిరుగుతోంది.

సూర్యారావు గోడ పట్టుకున్నాడు. రామయ్య తల తిప్పుకున్నాడు.

ఇనస్పెక్టరు మాత్రం గరిటెను గుంట మధ్యకి చాపి, నెమ్మదిగా వంచాడు. పురుగు నీళ్లలో పడింది. పడ్డ చోటికి ఒక పరిగె బాణంలా వచ్చింది, నోరు తెరిచింది, వెళ్లిపోయింది.

"అదీ సంగతి," అన్నాడు ఆయన, పిల్లాడిలా నవ్వి. "ఇక్కడ మన డ్యూటీ వేరే వాళ్లు చేస్తున్నారయ్యా రామయ్యా. నూనె అక్కర్లేదు, పక్క ఇంటికి పదండి." లేచి చేతులు దులుపుకుంటూ గుంటని మరోసారి కలయజూశాడు. "ముచ్చటగా ఉందండీ. మెట్టు చెక్కడం అదీ చాలా బాగా చేశారు. మీరే తవ్వారా మిస్త్రీ గారూ?"

సూర్యారావు అన్నమ్మ వైపు చూశాడు.

"మా తమ్ముడండి," అంది అన్నమ్మ.

"భేష్. ఇంట్లో ఉన్నాడా అమ్మా? ఓసారి పిలవండి. మా క్వార్టరు వెనకాల కూడా ఇలాంటిదొకటి తవ్వించుకోవాలనుంది."

ఇనస్పెక్టరు పిలవమన్నాడు. పెద్దమనిషి అడిగాడు. అన్నమ్మ వెనక్కి తిరిగి, గుమ్మం వైపు చూసి, అన్నం వడ్డించి పిలిచే గొంతుతోనే గట్టిగా కేకేసింది.

"ఒరే సూరీ! ఇలాగ్రా, నిన్నే!"

కేక ఇంట్లోకి వెళ్లింది. ఎవరూ రాలేదు.

ఆమె గుమ్మాన్నే చూస్తూ నిలబడింది. తర్వాత గట్టుమీద కూలబడి, రెండు చేతులతో నేల కొడుతూ, లైను చివరి దాకా వినబడేలా ఏడ్చింది. ఏడాదిగా రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చేసరికి ఆమెకి ఊపిరి అందలేదు. సూర్యారావు పక్కన కూర్చుని ఆమెని ఒళ్లోకి లాక్కుని తనూ ఏడ్చాడు. పైడమ్మ గోడ దూకినంత పని చేసి వచ్చింది. ఇనస్పెక్టరుకి ఏమీ అర్థం కాక రామయ్య మొహంలోకి చూశాడు. రామయ్య ఆయన చేతిలో గరిటె అందుకుని, "పదండి బాబూ, అవతల ఇంకా చాలా ఇల్లున్నాయి," అన్నాడు.

వాళ్లు పక్క లైను కూడా పూర్తి చేసుకుని వెళ్లేటప్పటికి అన్నమ్మ ఇంకా తమ్ముణ్ణి పిలుస్తూనే ఉంది.